పెనం, సాన, డెక్కు, ఒకట్లు-రెండ్లు

వేసంగి, పదకొండో రోజు

నాలుగు వాడలూ తిరిగొచ్చాను. తల తిరుగుతోంది.

వస్తువు ఒకటే. గుండ్రటి బరువైన పళ్లెం. దాని అంచు చుట్టూ తెల్లచుక్కలు, పక్కన చిటికెన వేలి గోరంత ఎర్రదీపం, కుడిచేతి వైపు జానెడు గాడి, ఆ గాడిలో పైకీ కిందికీ జరిగే మీట. ఎండపలకకు తగిలిస్తే తిరుగుతుంది. పొద్దున పెద్దతొట్టి తూము దగ్గరికి ఏ వాడ వాళ్లు ఆ వాడది మోసుకొస్తారు. ఆరువందల చుట్లు ఎంచేదాకా ఆ వాడకు నీళ్లు. ఎంచడం అయిపోగానే నీరడి పోశవ్వ తూము దించుతుంది, తర్వాతి వాడ వాళ్లు తమది పెడతారు. గడియారాలన్నీ ఫోన్లలోనే ఉన్న కాలంలో ఫోన్లన్నీ ఒక్క పూటలో చచ్చాయట. ఇనుప కంటెయినర్ లోపల ఉన్నందుకు ఈ ఆరు మాత్రం బతికాయి. అప్పటినుంచి మా కంటెయినర్‌గడ్డలో వేళ తెలియాలంటే ఇవే దిక్కు.

మరి దీని పేరేమిటి?

మిట్టవాడలో అడిగితే "పెనం" అన్నారు. బాగుంది, రాసుకున్నాను. ఇంతలో ఒకామె పక్కింటామెతో "ఇయ్యాల నా పెనం నీకిస్త, రేపు నీ పెనం నాకియ్యి" అంది. ఇద్దరి దగ్గరా యంత్రం లేదు. అంటే వాళ్లకు నీళ్ల వంతు కూడా పెనమే. కొలిమివాడలో దీన్ని "సాన" అంటారు. కానీ అక్కడ "వాన్ని సాన మీద పెట్టిన్రు" అంటే పదిమంది ముందర నిజం కక్కించారని. రేకులవాడలో "డెక్కు". యంత్రమూ డెక్కే, దాని ముందు కూర్చుని ఎంచే మనిషీ డెక్కే, వంద చుట్లు తిరిగేంత సేపూ డెక్కే. "నొప్పులు డెక్కుకోసారి వస్తున్నయ్, మంత్రసానిని పిలువుండ్రి" అంటూ ఒకాయన నన్ను తోసుకుని ఉరికాడు. అడుగువాడకు రెండు కాలువలు, రెండు యంత్రాలు. వాళ్లు "ఒకట్లు-రెండ్లు" అంటారు. ఎడమ కాలువది ఒకట్లు, కుడి కాలువది రెండ్లు. సరే అనుకునేలోపే, ఒకరితో ఒకరు మాట్లాడకుండా నలభై ఏళ్లు కాపురం చేసిన ముసలి జంటను చూపించి "ఆళ్లు ఒకట్లు-రెండ్లు" అని నవ్వారు.

"మరి ఉట్టి యంత్రాన్ని ఏమంటరు?" అని అరిచాను.

మిరపనారు పోసుకునే ఈదమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్ను కిందా మీదా చూసింది. "ఉట్టి యంత్రంతోని మాకేం పని, కరపత్రం?"

నా పేరు కొమురెల్లి. కంటెయినర్‌లో దొరికిన నలభై మూడు కరపత్రాలనూ చదివానని ఊరంతా నన్ను కరపత్రం అంటుంది. వెక్కిరింపే. నేను దాన్ని బిరుదులాగే మోస్తున్నాను.

వేసంగి, పన్నెండో రోజు

ఆరో యంత్రం జహంగీర్ తాత ఇంట్లో ఉంది. వాళ్ల ముత్తాత పెళ్లి ఊరేగింపుల్లో వీటిని తిప్పేవాడట.

"ఉక్కు చక్రాలు అనేటోడట ముత్తాత. దోస్తులేమో డెక్కులు అనేటోళ్లు. రెండు పక్కపక్కన పెట్టుకుంటే ఒకట్లు-రెండ్లు. బల్లలు అని కూడ అనేటోళ్లు."

"తిప్పితే ఏమయ్యేది?"

"జనం ఎగిరేటోళ్లు."

"నీళ్ల కోసమా?"

"నీళ్ల కోసం గాదు బే. సంబురానికి."

"మరి నీళ్లెవరు పంచేవాళ్లు?"

"నువ్వు చదివిన కాయితాల్లో గియ్యన్ని లేవా?"

లేవు. నా కాగితాల్లో ఉన్నది వేరు. "ఒకే వస్తువును నలుగురు నాలుగు పేర్లతో పిలిచినంత కాలం ఆ నలుగురూ ఒక్కటి కాలేరు" అని పదిహేడో కరపత్రంలో ఉంది. ఎవరు రాశారో తెలియదు, అడుగున చిరిగిపోయింది. నిన్న ఆ వాక్యం నా కళ్లముందే నడిచింది. మిట్టవాడ పిల్ల కొలిమివాడ కోడలై వచ్చి "పెనం ఎక్కడ" అంటే వంటింటి పెనం చేతికిచ్చి నవ్వారట. ఆమె ఇప్పటికీ ఏడుస్తుంది. పేర్లు వేరైతే మనసులు వేరు, వంతులు వేరు, వాడలు వేరు. దీన్ని ఎవరో ఒకరు ఆపాలి.

వేసంగి, పదిహేనో రోజు

ఊరి పనులు చూసే ఏకనామ సంఘం తీర్మానించింది; నేనూ అందులో ఒకణ్ణి. ఇకమీదట యంత్రం పేరు సమభ్రమణి. పేరు నాదే. సమంగా తిరిగేది, అందరికీ సమంగా పంచేది. అధ్యక్షురాలు వనమాలక్క రెండుసార్లు పలికి చూసుకుని "నోరు తిరగాలె గానీ మంచిగుంది" అంది.

రేకు కత్తిరించి జానెడు పట్టీలు చేశాను. వాటి మీద మేకుతో అక్షరాలు చెక్కి, లక్క కరిగించి, అయిదు యంత్రాలకూ అతికించాను. ఒక్కోదానికి ఒక్కోచోట కాదు. అన్నిటికీ ఒకే చోట, ఒకే తీరు. పట్టీ సరిగ్గా ఆ కుడివైపు గాడి మీదే పట్టింది. గాడి మధ్యలో మీట అడ్డం వచ్చింది. దాన్ని కింది చివరిదాకా తోసి, పైన పట్టీ వేసి నొక్కాను. ఎంత ముద్దుగా ఉన్నాయో!

జహంగీర్ తాత మాత్రం తలుపు దగ్గరే చెయ్యి అడ్డం పెట్టాడు. "నా దానికి పేరున్నది. నువ్ పో."

వేసంగి, పదహారో రోజు

పొద్దున తూము దగ్గర పెద్ద గొడవ.

వేరే ఊరివాళ్లు చూస్తే నవ్వే ఆచారం ఒకటి ఉంది మాకు. యంత్రం తిరగడం మొదలయ్యాక పోశవ్వ తూము మీద నుంచి దిగి, మోకాళ్లు పట్టుకుని వంగి, ఎర్రదీపం వెలుగులో పళ్లెం అంచును చూస్తుంది. "చుక్కలు నిలిచినయా?" అని అడుగుతుంది. ఎంచేవాళ్లు "నిలిచినయ్" అంటారు. అప్పుడే తూము ఎత్తుతుంది. తిరిగే పళ్లెం మీద చుక్కలు నిలవడమేమిటి? కానీ ఆ దీపం వెలుగులో నిజంగానే నిలిచినట్టు కనిపిస్తాయి. ఏదో కనికట్టు.

ఈరోజు ఆమె వంగింది, చూసింది, లేవలేదు.

"నిలుస్తలేవు. ఉరుకుతున్నయ్."

"ఉరికితే ఏమైతది, అవ్వా?"

"చుక్కలు నిలవకపోతే తూము ఎత్తొద్దు."

"ఎందుకు?"

"మా అత్త చెప్పింది."

"మీ అత్తకెవరు చెప్పారు?"

"ఆమె అత్త."

వెనక మిట్టవాడ మనుషులు బిందెలు పట్టుకుని ఎండలో నిలబడ్డారు. నాకు ఒళ్లు మండింది. ఒకటి కాదు, వరసగా పెట్టి చూస్తే అయిదు యంత్రాల్లోనూ చుక్కలు ఉరుకుతున్నాయట! కొత్త పేరు పెట్టిన మర్నాడే! ఇది పేరు మీద కోపం కాక మరేమిటి? ఎవరో సోది చెప్పినట్టు చుక్కలు చూసి నీళ్లు వదలాలా? ఎనిమిదో కరపత్రం మొత్తం ఇలాంటి వాటి మీదే ఉంది. గొంతు చించుకుని ఆ కరపత్రం అక్కడే చదివాను. సగం మందికి నచ్చింది, మిగతా సగానికి ఎండ తగిలింది. సంఘం నిలబడ్డ చోటే చేతులెత్తి తీర్మానించింది: చుక్కల పూజ రద్దు. అయిదు దీపాల మీదా మసిగుడ్డ ముక్కలు నేనే అంటించాను.

పోశవ్వ తూము ఎత్తింది.

వేసంగి, ఇరవై నాలుగో రోజు

మిట్టవాడలో చివరి రెండిళ్లకు నీళ్లు చేరలేదట. ఎండలు ముదిరాయి, కాలువ పీల్చేస్తోంది అనుకున్నాం.

సమభ్రమణి అనే మాట ఇప్పటిదాకా ముగ్గురు వాడారు. అందులో నేనొకణ్ణి. రేకులవాడలో దాన్ని "సమ్మెట" చేసేశారు. వద్దని చెబితే "మరి సుత్తి అందమా?" అన్నారు.

వేసంగి, ఇరవై తొమ్మిదో రోజు

ఒక్క మిట్టవాడే కాదు, నాలుగు వాడలకూ తక్కువే. అడుగువాడ అన్నిటికన్నా కింద ఉంది, నీళ్లు అక్కడికి చేరేసరికి పలచనై మట్టిలోనే ఇంకిపోతున్నాయి. ఈదమ్మ మిరపనారు తలలు వాల్చింది. "ఆరువందలకు ఆరువందలు ఎంచుతున్నం, ఒక్కటి తప్పుతలేదు. మరి నీళ్లేడికి పోతున్నయ్?" అని నన్ను నిలదీసింది.

పెద్దతొట్టి గోడ మీద గీతలుంటాయి. ఎక్కి చూశాను. వేసంగి ఈ రోజుకు ఉండవలసిన గీత కన్నా నీళ్లు నాలుగు వేళ్లు పైన ఉన్నాయి.

దిగి, మళ్లీ ఎక్కి చూశాను. నాలుగు వేళ్లే.

వాడలకు నీళ్లు చాలవు, తొట్టిలో నీళ్లు మిగులుతున్నాయి. ఎంచే లెక్క సరిగ్గానే ఉంది. మరి మధ్యలో ఉన్నదెవరు? తూము తాళం ఎవరి దగ్గర ఉంది?

వేసంగి, ముప్పై ఒకటో రోజు

సభలో నేనే మాట్లాడాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చుక్కలు పోయాయన్న కక్షతో పోశవ్వ తూమును పూర్తిగా ఎత్తడం లేదన్నాను, ఎంచడం అయ్యేలోపే దించుతోందన్నాను. తొట్టి గీత సాక్ష్యం అన్నాను. నలుగురు ఎక్కి చూసొచ్చి "నిజమే" అన్నారు. తర్వాత ఎవరి మాట ఎవరికీ వినిపించలేదు.

పోశవ్వ ఒక్కటే అంది. "ఎంచింది మీరే గద బిడ్డా. మీరు ఆరువందలు అన్నంకనే నేను దించిన."

ఏటా వేసంగి చివర ఉప్పుమడుల వాళ్ల బండ్లు వస్తాయి. ఏడాదికి సరిపడా ఉప్పు దింపి, బదులుగా ఒక మనిషిని ఏడాది పనికి తీసుకుపోతారు. ఎవరు పోవాలో చీటీ వేసి తేలుస్తాం. ఈసారి చీటీ వద్దని, పోశవ్వ పోవాలని సభ తేల్చింది. బండ్లు వచ్చేది నలభై అయిదో రోజున.

ఆమెకు అరవై దాటాయి. మోకాళ్లు పట్టుకోకుండా వంగలేదు. ఉప్పునీళ్లలో ఏడాది నిలబడాలి. అది నాకు సభ అయిపోయాక తట్టింది. అయినా దొంగతనం దొంగతనమే కదా? కదా?

తూము తాళం నాకిచ్చారు.

వేసంగి, ముప్పై ఆరో రోజు

అయిదు రోజులుగా తూము నేనే ఎత్తుతున్నాను, నేనే దించుతున్నాను. పైదాకా ఎత్తుతున్నాను. ఆరువందలు విని, మనసులో ఒకటి కూడా అనుకుని మరీ దించుతున్నాను.

నీళ్లు తక్కువే.

తొట్టి ఇంకా నిండుగానే ఉంది.

ఈదమ్మ వాడిపోయిన నారు ఒక గుప్పెడు పీకి తెచ్చి తూము గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. ఇప్పుడు దొంగ ఎవరు? తాళం నా మొలతాడుకే ఉంది.

వేసంగి, ముప్పై ఎనిమిదో రోజు

ముప్పై రెండో కరపత్రం పిల్లల కోసం రాసింది. దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. అందులో ఇలా ఉంది: తాడుకు బరువు కట్టి ఊపితే, తాడు పొడుగు మారనంత వరకూ ప్రతి ఊపూ ఒకే సేపు పడుతుంది. ఎక్కువ ఊపినా తక్కువ ఊపినా అంతే. నమ్మలేదు. మోకుతాడుకు పెద్ద నట్టు ఒకటి కట్టి, దూలానికి వేలాడదీసి నిన్న పొద్దంతా ఎంచాను. నిజమే.

దాన్ని తూము దగ్గరికి తీసుకుపోయాను. సమభ్రమణి వంద చుట్లు తిరిగేలోపు నట్టు ఎనభై మూడుసార్లు ఊగింది. మిగతా నాలుగూ అంతే. అయిదూ ఒక్క తీరుగా ఉన్నాయని మొదట సంతోషం కూడా వేసింది.

జహంగీర్ తాత ఇంటికి పోయాను. ఆయనది తిప్పించాను. వంద చుట్లకు తొంభై ఊపులు.

"మళ్లీ తిప్పు తాతా."

తొంభై.

"నువ్వేమైనా చేశావా దీన్ని?"

"నేనేం జెయ్యలే. పట్టీ పెట్టనియ్యలేదని నువ్వే ఏడ్చినవ్ గద."

ఆయన యంత్రం మీద గాడి ఖాళీగా ఉంది. మీట సరిగ్గా మధ్యలో ఉంది. ఎర్రదీపం వెలుగులో చుక్కలు రాతి మీద చెక్కినట్టు నిలబడి ఉన్నాయి. నా వేలు మీట మీద పెట్టాను. తాత ఊరుకున్నాడు. కిందికి తోశాను.

చుక్కలు ఉరికాయి. నట్టు ఎనభై మూడు.

అంటే పళ్లెం వేగంగా తిరుగుతోంది. ఆరువందల చుట్లు ముందే అయిపోతున్నాయి. వాడవాళ్లు నిజాయితీగానే ఎంచారు, పోశవ్వ నిజాయితీగానే దించింది. తగ్గిన నీళ్లన్నీ తొట్టిలోనే ఉన్నాయి. ఆ మీట తోసిన చెయ్యి ఇప్పుడు ఈ పుస్తకంలో రాస్తోంది.

వేసంగి, ముప్పై తొమ్మిదో రోజు

వనమాలక్కకు చెప్పాను. ఆమె తొందరపడే మనిషి కాదు. నట్టును తనే ఊపి చూసింది, ఎంచింది.

"పట్టీలు పీకెయ్. మీటలు మధ్యకు తే. రెండు రోజుల్లో నీళ్లు సరిగ్గొస్తయ్. ఎవరన్న అడిగితే కాలువ బాగుచేసినం అని చెప్పు."

"పోశవ్వో?"

"ఏడాదే గద. మళ్లొస్తది."

"ఆమె దొంగ కాదక్కా!"

"అరవకు. ఇప్పుడు నువ్వు పోయి తప్పు సంఘానిదే అంటే, రేపటినుంచి సంఘం ఏం చెప్పినా జనం ఉమ్మేస్తరు. బడి పెట్టాలనుకుంటున్నం. వైద్యశాల పెట్టాలనుకుంటున్నం. ఒక్క ముసలామె కోసం గియ్యన్ని పోగొడ్తవా? నీ కరపత్రాలల్ల గిదే లేదా, పదిమంది మంచికోసం అని?"

ఉంది. ఇరవై ఒకటో దాంట్లో ఉంది. ముప్పైనాలుగో దాంట్లో సరిగ్గా దానికి ఎదురుగా ఉంది. రెండూ చదివినప్పుడు రెండిటికీ చప్పట్లు కొట్టాను. ఒకే మనిషిని ఇన్నాళ్లూ రెండూ ఎలా నమ్మించాయి?

వేసంగి, నలభయ్యో రోజు

పట్టీలు పీకాను. మసిగుడ్డలు తీశాను. చుక్కలు నిలిచాయి. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

వేసంగి, నలభై ఒకటో రోజు

అడుగువాడ దాకా నీళ్లు చేరాయి. "చూసిన్రా, ముసల్ది తూము ఇడిసినంకనే నీళ్లొచ్చినయ్" అని ఎవరో అన్నారు. నా ముందే అన్నారు. నేను తల ఊపాను. ఊపాను అని ఇక్కడ రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు?

వేసంగి, నలభై రెండో రోజు

పొద్దున తూము బిగుసుకుపోయింది. ఎంత తిప్పినా కదల్లేదు. ఎవరినడగాలో తెలుసు. చివరికి పోయాను.

పోశవ్వ మూట కట్టుకుంటోంది. నన్ను చూడగానే ముంతలో ఆముదం పోసుకుని వెంట వచ్చింది. మర మీద చుట్టూ రాసింది. "ఎదురు తిప్పు. ఊఁ. ఇప్పుడు మళ్లీ తిప్పు." తూము లేచింది. "పది రోజులకోసారి రాయాలె. లేకపోతే పట్టేస్తది. నేను పోయినంక యాదుంచుకో."

ఇంకేమీ దాచుకోలేకపోయాను. గట్టు మీదే కూలబడి అంతా చెప్పేశాను. మీట, పట్టీ, నట్టు, తొంభై, ఎనభై మూడు, వనమాలక్క మాట, నా తల ఊపుడు. అన్నీ.

ఆమె విన్నది. చేతికంటిన ఆముదాన్ని కాళ్లకు పూసుకుంది.

"నాకెందుకు జెప్తున్నవ్? నేను దొంగను కానని నాకెరుకే గద."

"తప్పైంది అవ్వా."

"అయింది. పోయి ఆళ్లకు జెప్పు."

"రేపు సభ పెట్టిస్తాను. సమభ్రమణి మీట..."

"ఆ పేరుతోని చెప్తే ఎవరికి సమజైతది?" మొదటిసారి ఆమె గొంతు లేచింది. "నీకు తెలిసిన మాటతోని నన్ను దొంగను జేసినవ్. ఆళ్లకు తెలిసిన మాటతోని కాదని చెప్పు. వాడవాడకు పోయి చెప్పు. సభలైతే నీ అరుపే ఇనబడ్తది."

వేసంగి, నలభై మూడో రోజు

జహంగీర్ తాత యంత్రాన్ని నెత్తిన, ఎండపలకను వీపున, నట్టును మెడలో వేసుకుని బయల్దేరాను. సభ తీర్పు మారాలంటే నాలుగు వాడలూ చెయ్యి ఎత్తాలి. ఒక్కటి ఎత్తకపోయినా బండ్లు ఆమెను తీసుకుపోతాయి.

మిట్టవాడలో "నా చేతివల్ల మీ పెనం తొందరగా తిరిగింది, అందుకే మీ పెనం తగ్గింది" అన్నాను. ఒక్కరు కూడా ఏమిటని అడగలేదు. నాకే ఆశ్చర్యం వేసింది. ఒక పెద్దాయన నట్టును స్వయంగా ఎంచి, చేతికర్రతో నా పిర్ర మీద ఒక్కటి ఇచ్చి, చెయ్యి ఎత్తాడు.

కొలిమివాడలో నోరు తెరవకముందే "సాన మీద కూసో" అన్నారు. యంత్రం పక్కన కూర్చోబెట్టారు. అది తిరుగుతున్నంతసేపూ ప్రశ్నలు వేస్తారు, తడుముకోకుండా చెప్పాలి. అదీ వాళ్ల సాన. "మీట ఎవరు తోసిన్రు?" "నేనే." "తెలిసా, తెలువకా?" "తెలవక." "తెలిసినంక ఎన్ని దినాలు ఊకున్నవ్?" "అయిదు." అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నిజం రాబట్టడానికి వీళ్ల మాటే చాలింది, పదిహేడో కరపత్రం అక్కర్లేకపోయింది. చేతులెత్తారు.

రేకులవాడలో పని డెక్కున్నరలో అయిపోయింది. అక్కడ ఎంచే మనిషి, అంటే డెక్కు, తన ఆరువందలు తప్పు కాలేదని తెలియగానే ఏడ్చేసింది. పది రోజులనుంచి ఆమె మొగుడు కూడా అనుమానంగానే చూస్తున్నాడట. నేను దొంగను చేసింది ఒక్క పోశవ్వనే అనుకున్నాను.

అడుగువాడలో ఈదమ్మ ఒక్కతే నారుమడి దగ్గర ఉంది. మడి గోధుమరంగుకు తిరిగింది. నీళ్లు ఇప్పుడు పారుతున్నాయి, దండగే. చెప్పింది మొత్తం విన్నది.

"మా ఒకట్లూ తొందరగ తిరిగినయ్, రెండ్లూ తొందరగ తిరిగినయ్."

"అవును."

"ఎవరు ఎంచినా తెలువదు."

"తెలియదు. చుక్కలు చూస్తే తెలిసేది."

"నువ్వు చూడనియ్యలే."

"అవును."

ఒక మొక్క పీకి వేరు చూసింది. విరిచి అవతల పారేసింది. "నీ మీద నాకు కోపం పోలే. పోదు కూడ. గిది నాకు ఏడాది బువ్వ." వాడ వైపు తిరిగి కేకేసింది. "ఓ అడుగువాడోళ్లూ, ఇటు రాండ్రి! ముసల్దాన్ని పంపుడు లేదు. చేతులెత్తుండ్రి!"

వేసంగి, నలభై నాలుగో రోజు

తాళం పోశవ్వకు తిరిగి ఇచ్చాను. వనమాలక్క సభలో నన్ను సంఘంలోంచి తీసేసింది, న్యాయమే. తర్వాత అందరి ముందూ పోశవ్వ కాళ్లు పట్టుకుంది. ఆమె ఏది మనస్ఫూర్తిగా చేసిందో తెలియదు. రెండూ అయి ఉండవచ్చు. ఈమధ్య నాకు మనుషులు అర్థం కావడం మానేశారు.

తొట్టిలో మిగిలిన నీళ్లన్నీ ఎవరికి ఇవ్వాలని పోట్లాట మొదలైంది. పోశవ్వ ఎవరినీ అడగకుండా అడుగువాడకు తూము ఎత్తి కూర్చుంది. కొత్త నారు పొయ్యడానికి ఇంకా పొద్దు ఉందట.

మరి ఉప్పుకు మనిషి? చీటీ వేద్దామన్నారు. వద్దు, నేనే పోతానన్నాను. పోశవ్వ వద్దనలేదు, పొమ్మనలేదు. ఆముదం ముంత తెచ్చి నా మూట మీద పెట్టింది. "మోకాలి దాకా రాస్కో, నీళ్లల దిగే ముందు. ఉప్పు కొరుకుతది."

ఉప్పుమడులు, అయిదో రోజు

మూడు రోజుల ప్రయాణం, రెండు రోజుల పని. అరికాళ్లు పగిలాయి. ఇక్కడివాళ్ల మాట వేరు, సగం తెలుస్తుంది, సగం తల ఊపుతాను.

పని అయ్యాక పాకలో కూర్చుంటే మూల నుంచి ఒక చప్పుడు వినిపించింది. పోయి చూశాను. అదే పళ్లెం. అదే గాడి, అదే మీట. చుక్కలను ఉప్పు తినేసింది. ఒక ముసలాయన పళ్లెం నడుమ కొక్కెం బిగించి, దానికి పీచు తగిలించి, వెనక్కి నడుస్తూ తాడు పేనుతున్నాడు. సన్నతాడుకు మీట కిందికి, మోకుకు మీట పైకి. ప్రతిసారీ మొదలుపెట్టే ముందు చెయ్యి చూడకుండానే దాన్ని జరుపుతోంది.

నన్ను చూసి నవ్వాడు. "ఏటి బాబూ, అలా సూత్తన్నావ్? మీ ఊళ్లో నేదేటి ఇది?"

"ఉంది."

"మీవోళ్లు దీన్నేటంటారు?"

ఆయన పీచు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"ఏ వాడలో?" అన్నాను.